గోడకి పౌడరు

రంగులు వేయించాలనుకోగానే మనం ముందు తెరిచేది షేడ్ కార్డు. మీగడ రంగా, లేత నిమ్మపండు రంగా అని ఇంటిల్లిపాదీ వాదులాడుకుంటాం. గోడ సంగతి అడిగే నాథుడు ఉండడు. తీరా పని మొదలయ్యాక చూస్తే రంగు వేసే రోజులు తక్కువ, గోడని తయారుచేసే రోజులు ఎక్కువ. గీకడం, కడగడం, ఆరనివ్వడం, లప్పం పెట్టడం, గరుకు కాగితంతో రుద్దడం, దుమ్ము తుడిచి ప్రైమరు కొట్టడం... ఇంతా అయ్యాక వేసే రంగు పప్పులో పోపులాంటిది. మెచ్చుకోళ్ళన్నీ పోపుకే!

ఆ తయారీలో నాకు భలే నచ్చేది పగులు పూడ్చే పద్ధతి. వెంట్రుకంత పగులు మీద లప్పం రాసేస్తే అది లోపలికి దిగదు. నాలుగు రోజులకి మళ్ళీ గీత తేలుతుంది. పని తెలిసినవాడు ముందు ఆ పగులుని ఇంకాస్త వెడల్పు చేస్తాడు. వదులుగా ఉన్న సున్నం, ఇసుక రాల్చి, దుమ్ము దులిపి, అప్పుడు నింపుతాడు. తోడికోడళ్ళ తగువులు తీర్చిన పెద్దవాళ్ళకి ఈ కిటుకు వేరే చెప్పక్కర్లేదు.

సరే, అసలు నా సందేహం వేరు. గోడకి ఇంత ముస్తాబు చేస్తున్నామే, ఇందులో అలంకారం ఎంతవరకు, మోసం ఎక్కడినుంచి? మేకు కన్నం పూడ్చడం మోసం కాదు. పూడ్చాక ఆ కన్నం నిజంగానే లేదు. పెళ్ళిచూపులకి పిల్ల పౌడరు రాసుకుంటే ఎవరూ మోసపోరు. రాసుకుందని చూడ్డానికొచ్చినవాళ్ళకీ తెలుసు. చెమ్మగోడ మీద లప్పం మాత్రం ఆ జాతి కాదు.

చెమ్మ ఊరికే ఉండదు మరి. ఇటుకల్లోకి చేరిన నీరు అక్కడి ఉప్పుని కరిగించుకుని గోడ పైకి నడిచొస్తుంది. నీరు గాలికి ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. అది పలుకులు కట్టి పెరుగుతూ రంగుని వెనకనుంచి తోస్తుంది. మనం చూసే బుడగలు, పెచ్చులు అవే. మా అమ్మమ్మ ఏటా సంక్రాంతికి సున్నం కొట్టించేది. సున్నం పూత చెమ్మని బయటికి పోనిస్తుంది కాబట్టి, మరక ఏడాది తిరక్కుండానే కనిపించేది. ఆ గోడలకి దాపరికం చేతకాదు. ఆయిలు పెయింటయితే మూత బిగించినట్టు కూర్చుంటుంది కనక కొన్నాళ్ళు గుట్టు దాస్తుంది.

కాకినాడలో మా ఇంటి కింది వాటా ఖాళీ అయినప్పుడు ఈ ప్రశ్న నా నెత్తిమీదికే వచ్చింది. స్నానాల గదిని ఆనుకున్న పడగ్గది గోడ మోకాలెత్తున ఉబ్బిపోయింది. "రెండు కోట్లు లప్పం లాగి, పైన ఆయిలు పెయింటు కొట్టేస్తే ఆర్నెల్లు చుక్క కనపడదమ్మా. ఈలోగా ఎవరో ఒకరు అద్దెకి దిగిపోతారు" అన్నాడు పెయింటరు. అతన్నేం అనను. నలుగురూ అడిగేదే అతను నాకూ చెప్పాడు.

మావారూ అతని పక్షమే. "వాళ్ళు మాత్రం నిజం చెబుతారా? ఇద్దరమేనంటారు, ఆరుగురు దిగుతారు" అన్నారు. కాదనను. కానీ ఆరుగురిని నేను లెక్కపెట్టుకోగలను. గోడ లోపల ఏముందో వచ్చినావిడ ఎంత కళ్ళు పెట్టి చూసినా కనుక్కోలేదు. పైగా, వాటా అడిగి వెళ్ళినావిడకి చంటిపిల్ల ఉంది. చెమ్మగోడకి బూజు పడుతుంది. ఆ బూజు పసివాళ్ళకీ, ఉబ్బసం ఉన్నవాళ్ళకీ మంచిది కాదు. ఎదటివాళ్ళు కనుక్కోలేనిదాన్ని, పైగా వాళ్ళ ఊపిరిలోకి పోయేదాన్ని దాచడం పౌడరు లెక్కలోకి రాదని నా వాదన. మీరేమంటారు?

వాదనలెందుకని ఓ ప్లాస్టిక్ కాగితం గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచాం. పైన, గదివైపు తడి కడితే అది గాలిలోని తేమ. వెనక, గోడవైపు బొట్లు పడితే చెమ్మ గోడలోదే. మాకు గోడవైపే పడ్డాయి. పగలగొట్టిస్తే స్నానాల గది గొట్టం అతుకు దగ్గర కారుతోంది. దానికి మరమ్మతు, కొత్త సిమెంటు పూత, ఆ పూతని తడపడం, తర్వాత ఆరనివ్వడం. నెల్లాళ్ళయినా ఆరకుండా రంగు వేయకూడదు. ఒక నెల అద్దె గోవిందా!

గీకుడు దగ్గర ఇంకో పేచీ. పాత ఆయిలు పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించకూడదని మన దేశంలో 2016లో నిబంధన చేశారు గానీ, అంతకుముందు వేసినవి గోడలమీదే ఉన్నాయిగా! పొడిగా గీకితే ఆ దుమ్ము ముందు గీకేవాడి ఊపిరిలోకే పోతుంది, బట్టలకంటుకుని వాళ్ళింటికీ వెళుతుంది. తడుపుతూ గీకమంటే "పని సాగదమ్మా" అని గొణిగాడు. ఓ రోజు కూలి ఎక్కువిస్తామన్నాక సాగింది.

గోడ ఆరుతుండగానే ఆవిడ మళ్ళీ వచ్చింది, పిల్లని చంకనేసుకుని. గదంతా ముస్తాబై ఉంటే ఒక పక్క ఆ సిమెంటు మచ్చ. "ఇదేంటి పిన్నిగారూ?" అంది. ఉన్నదంతా చెప్పాను. అరచెయ్యి గోడకి ఆనించి కాసేపు చూసింది.

"మంచం అటువైపు వేసుకుంటాలెండి. అద్దెలో ఓ రెండొందలు తగ్గించండి మరి" అంది.

మావారు నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను.