ఎదుటివాళ్లు ఎలా ఆడారు?



2016 ఆగస్టు 22న శంషాబాద్ విమానాశ్రయం దగ్గర కనిపించిన కోలాహలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. రియో ఒలింపిక్స్ నుంచి తిరిగివచ్చిన పి.వి. సింధును, ఆమె గురువు పుల్లెల గోపీచంద్‌ను పైకప్పు లేని బస్సులో ఎక్కించి గచ్చిబౌలి స్టేడియం దాకా ఊరేగింపుగా తీసుకువెళ్లారు. దారి పొడవునా జనం నిలబడి చేతులూపారు. 2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇక్కడికి మారిన తరువాత ఈ దారిన ఎందరో ప్రముఖులు వచ్చారు, వెళ్లారు. కాని ఆ రోజు మనం స్వాగతం పలికింది మూడు రోజుల ముందు ఫైనల్లో ఓడిపోయిన అమ్మాయికి. ఈ సంగతి కొంచెం నిలిచి ఆలోచించదగినది.

ఒలింపిక్స్ బాడ్మింటన్ పతకాలలో ఒక విచిత్రం ఉంది. కాంస్యం అందుకునేవారు తమ చివరి ఆట గెలిచి అందుకుంటారు. రజతం అందుకునేవారు తమ చివరి ఆట ఓడి అందుకుంటారు. ఒలింపిక్స్‌లో రజతం సాధించిన తొలి భారతీయ మహిళ సింధు. ఆ గౌరవం చిన్నది కాదు. అయినా ఆ పతకం మెడలో పడే వేళకు మనిషి మనసులో ఉండేది చేజారిన ఆటే.

ఆ ఫైనల్ ఆగస్టు 19న జరిగింది. స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌పై మొదటి గేమ్‌ను సింధు 21-19తో గెలుచుకుంది. తరువాతి రెండు గేములు 12-21, 15-21తో పోయాయి. చివరి పాయింటు పడగానే మారిన్ కోర్టు మీద కుప్పకూలి ఏడ్చేసింది. అప్పుడు సింధు ఏం చేసిందో టీవీలో మీరూ చూశారు. వలకు అవతలి పక్కకు వెళ్లి ఆమెను లేపి కౌగిలించుకుంది. నేల మీద పడి ఉన్న ఆమె రాకెట్‌ను తీసి పక్కన పెట్టింది. అంతసేపూ తనను ఓడించిన రాకెట్ అది!

ఇక్కడ మనలను ఒక ప్రశ్న నిలదీస్తుంది. ఒక మనిషిని ఓడించాలని నిండు మనసుతో కోరుకుంటూ, అదే సమయంలో ఆ మనిషి మేలు కోరడం సాధ్యమేనా? లేక ఈ రెండింటిలో ఏదో ఒకటి నటనేనా?

కొందరు మంచివాళ్లు పోటీ అంటేనే భయపడతారు. పోటీ ఉన్నచోట అసూయ తప్పదని, పిల్లలను దానికి దూరంగా ఉంచడమే మేలని వారి అభిప్రాయం. మరికొందరు దీనికి పూర్తిగా ఎదురు మాట చెబుతారు. లోకమంతా పోటీయే, జాలి చూపినవాడు వెనుకబడతాడు, కాబట్టి పిల్లవాడికి చిన్నప్పుడే గెలవడం నేర్పాలి అంటారు. పైకి వేరుగా కనిపించే ఈ రెండు మాటల వెనుక ఉన్న నమ్మకం ఒకటే. ఎదుట నిలిచినవాడు శత్రువు అని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఒకరు ఆ శత్రుత్వం వద్దంటున్నారు, మరొకరు తప్పదంటున్నారు.

ఆట మైదానంలో చెమటోడ్చిన వారిని అడిగితే మూడో మాట చెబుతారు. ఎదుటివాడు లేకపోతే అసలు ఆటే లేదు. షటిల్‌ను ఎంత చక్కగా కొట్టినా అవతల నుంచి తిప్పికొట్టేవారు ఉంటేనే అది ఆట అవుతుంది. నా ఎడమవైపు బలహీనంగా ఉందని నాకు చూపించేది నా ప్రత్యర్థే. నేను ఇక చాలు అనుకున్నచోట మరో అడుగు వేయించేదీ ఆమే. అద్దం మన ముఖంలోని మచ్చను చూపిస్తుందని అద్దం మీద పగబడతామా?

గచ్చిబౌలిలోని గోపీచంద్ అకాడమీనే తీసుకోండి. మోకాలి గాయాలను దాటుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచిన గోపీచంద్ 2008లో దానిని ప్రారంభించారు. సింధు చిన్నతనంలో అక్కడ శిక్షణ కోసం సికింద్రాబాద్ నుంచి రానుపోను రోజుకు 50 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసింది. అలాంటి చోట తెల్లవారకముందే కోర్టులోకి దిగి ఒకరినొకరు తీర్చిదిద్దుకునేవారే, రేపు ఒకే పతకం కోసం, జట్టులో ఒకే చోటు కోసం పోటీపడతారు. 2017 ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ ఫైనల్లో వలకు అటూ ఇటూ నిలిచినవారు ఆ అకాడమీలో కలిసి పెరిగిన కిదాంబి శ్రీకాంత్, సాయి ప్రణీత్. మొదటి గేమ్ శ్రీకాంత్‌ది. ప్రణీత్ మిగిలిన రెండూ గెలిచి టైటిల్ అందుకున్నాడు. అతని ఆటకు అన్నేళ్లుగా పదును పెట్టినవారిలో ఆ రోజు ఓడిన మిత్రుడూ ఉన్నాడు. ఆ గెలుపు పూర్తిగా ఎవరిది అంటారు?

అలా అని, మిత్రుడి మీద ప్రేమతో ఆటను కొంచెం వదిలేస్తే పుణ్యమా? కాదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్‌లో జరిగింది చూడండి. తరువాతి దశలో అనుకూలమైన జోడీ ఎదురుపడాలని లెక్కలు వేసుకుని, రెండు మ్యాచ్‌లలో క్రీడాకారిణులు కావాలని ఓడిపోవడానికి ప్రయత్నించారు. సర్వీసులు వలలోకి కొట్టారు. డబ్బిచ్చి వచ్చిన ప్రేక్షకులు గోల చేశారు. మరునాడు నాలుగు జోడీలను, అంటే ఎనిమిది మందిని, పోటీల నుంచి తొలగించారు. గెలవడానికి తమ పూర్తి ప్రయత్నం చేయలేదన్నది వారిపై మోపిన నేరాలలో ఒకటి. ఎంత లోతైన నియమం అది! ఎదుటివారికి నా పూర్తి శక్తిని ఇవ్వడం నా బాధ్యత. సగం మనసుతో ఆడితే నేను వారిని గౌరవించినట్టు కాదు, చులకన చేసినట్టు.

కాబట్టి పోటీ వేరు, అసూయ వేరు. పోటీ పడేవాడు తాను పెరగాలని చూస్తాడు. అసూయపడేవాడు ఎదుటివాడు తరగాలని చూస్తాడు. రెండింటినీ వేరుచేసి చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. నీ ప్రత్యర్థి కాలు బెణికి పడిపోతే నీ మనసు ఏమంటుంది? హమ్మయ్య అంటుందా, అయ్యో అంటుందా?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ పరీక్ష చైనా క్రీడాకారిణి హీ బింగ్జియావోకు ఎదురైంది. ఈమె మనకు కొత్త కాదు. టోక్యోలో 2021లో సింధు కాంస్యం గెలిచింది ఈమెను ఓడించే. పారిస్‌లో సింధును ఇంటికి పంపిందీ ఈమే. సెమీఫైనల్లో ఆమెకు ఎదురుపడింది కరోలినా మారిన్. మొదటి గేమ్ గెలిచి రెండో గేమ్‌లోనూ ముందంజలో ఉన్న మారిన్ మోకాలు దెబ్బతిని, ఏడుస్తూ కోర్టు విడిచి వెళ్లింది. హీ బింగ్జియావో ఫైనల్ చేరింది, అక్కడ ఓడి రజతం అందుకుంది. పతకం తీసుకునేటప్పుడు ఆమె చేతిలో స్పెయిన్ బ్యాడ్జి ఒకటి ఉంది. అక్కడ ఉండవలసిన మరొకరిని మరచిపోలేదని ఆ చిన్న గుర్తుతో లోకానికి చెప్పింది. పతకం ఆమె వదులుకోలేదు. వదులుకోవలసిన అవసరమూ లేదు. తన ఎదుగుదలలో ఎదుటివారి కన్నీటికి కాస్త చోటిచ్చింది, అంతే.

క్రీడలన్నీ ఇంత పవిత్రమైనవని నేను అనడం లేదు. మోసాలు, మత్తుమందులు, తిట్లు అక్కడా ఉన్నాయి. ఆట తనంతట తానే ఎవరినీ మంచివారిని చేయదు. అయితే ఆటలో ఒక మర్యాద ఉంది. ముగిశాక వల దగ్గరకు వచ్చి చేతులు కలపాలి, ఎదుటివారి కళ్లలోకి చూడాలి. ఇప్పుడే నన్ను ఓడించినది ఒక మనిషి అని, నాలాగే అలసిపోయిన మనిషి అని, ఆ ఒక్క క్షణం గుర్తుచేస్తుంది.

మన పిల్లలు పరుగెత్తుతున్న అసలు పందెంలో ఈ కరచాలనం లేదు. నేను చెబుతున్నది ర్యాంకుల పందెం గురించి. అందులో ప్రత్యర్థికి ముఖం ఉండదు. ఎక్కడో లక్షలమంది ఉన్నారని, వారందరినీ దాటాలని మాత్రమే బిడ్డకు తెలుసు. ఆట స్థలం లేని కళాశాల భవనంలో పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుని, పక్క బెంచీలోని స్నేహితుడికి నోట్సు ఇవ్వాలా వద్దా అని ఆలోచించే స్థితికి వస్తాడు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరువాత కొద్ది రోజుల్లోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కులలో దొర్లిన తప్పుల గురించి అప్పుడు పెద్ద ఆందోళన జరిగింది. ఆ తప్పులు దిద్దవలసినవే. కాని మనం వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది. ఓడిపోయిన తరువాత కూడా బ్రతుకు ఉంటుందని ఆ పసివాళ్లకు ఎవరు, ఎక్కడ నేర్పారు?

మైదానం నేర్పుతుంది. వారానికి నాలుగుసార్లు ఓడిపోయి, ముఖం కడుక్కుని, అన్నం తిని, మరునాడు మళ్లీ అదే కోర్టుకు వెళ్లే పిల్లకు ఓటమి అంటే లోకం ముగిసిపోవడం కాదని ఒంటికి తెలుస్తుంది. రియో తరువాత సింధు మరెన్నో ఫైనల్స్ ఓడింది. 2017 ప్రపంచ పోటీల ఫైనల్లో జపాన్‌కు చెందిన నొజొమి ఒకుహరాతో 110 నిమిషాలు పోరాడి ఓడింది. 2018లో మళ్లీ ఫైనల్ చేరి, మళ్లీ మారిన్ చేతిలో ఓడింది. ఈమెకు ఫైనల్స్ అచ్చిరావు అని జనం అనడం మొదలుపెట్టారు. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో అదే ఒకుహరాను 21-7, 21-7తో 38 నిమిషాలలో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఆ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలు ఆమే.

అయితే ఈ కథకు ఒక తప్పుడు నీతి అంటగట్టకూడదు. పట్టు వదలకపోతే ప్రతి ఒక్కరూ విజేత అవుతారని చెప్పడం అబద్ధం. విజేతకు ఎదురుగా నిలిచి వేల షటిళ్లు తిప్పికొట్టిన సాధన సహచరులు ఉంటారు. వారి పేర్లు ఏ పత్రికలోనూ రావు, వారికోసం ఏ బస్సూ విమానాశ్రయానికి వెళ్లదు. వారి శ్రమ వృథాయేనా? గెలుపొక్కటే విలువ అయితే వృథాయే. కాని మరొకరిలోని శక్తిని వెలికితీయడం కూడా మనిషి చేయదగిన పని అయితే, ఆ పనిని వారు పూర్తి చేశారు. ఇంట్లో తల్లి, బడిలో పంతులమ్మ, కార్ఖానాలో కొత్తవాడికి పని నేర్పే పాత మేస్త్రీ, వీరంతా చేస్తున్నదీ అదే కదా!

మరి మనం చేయగలిగింది ఏమిటి? ఈసారి మీ విచారణ పండుగకు వాలీబాల్ పోటీలు పెడితే, బహుమతులు ఇచ్చేటప్పుడు ఓడిన జట్టును కూడా వేదిక మీదికి పిలిచి, గెలిచిన జట్టు నాయకుడి చేత వారి గురించి రెండు మంచి మాటలు చెప్పించండి. పరీక్షలకు చదివే పిల్లలు నలుగురు కలిసి చదువుకుంటామంటే అడ్డు చెప్పకండి. స్నేహితుడికి లెక్క నేర్పినవాడికి ఆ లెక్క ఇంకా బాగా వస్తుంది.

ఇంకొకటి, అన్నిటికన్నా తేలికైనది. బిడ్డ ఆడి ఇంటికి రాగానే మన నోట వచ్చే మొదటి మాట "గెలిచావా?" అన్నదే. అడగండి, తప్పు లేదు. దాని వెంటనే మరో ప్రశ్న కూడా అడగండి: "ఎదుటివాళ్లు ఎలా ఆడారు?" మొదట్లో బిడ్డ తెల్లబోతాడు. తరువాత గమనించడం మొదలుపెడతాడు. ఒక రోజు తాను ఓడిపోయి వచ్చి కూడా, "అమ్మా, వాడు ఎంత బాగా ఆడాడో తెలుసా!" అని కళ్లు మెరుస్తుండగా చెబుతాడు. ఆ రోజు మీ బిడ్డ ఏ పతకం తేకపోయినా, ఆట నేర్పవలసింది వాడికి నేర్పిందని నమ్మండి.