అడగని అడ్రస్

గాంధారిలో ఒక రైతు ఉండేవాడు. కొడుకు దుబాయిలో. ఇంటి వెనక కల్లంలో మక్కలు ఆరబోస్తే కావలి కాయడానికి ముసలాయనకు మోకాళ్లు సహకరించేవి కావు. సెలవుకు వచ్చిన కొడుకు కెమెరాలు పెట్టిద్దామన్నాడు. కేబుల్ పిలగాడు వచ్చి నెట్ బిగించి, ఫోన్‌లో స్పీడ్ చూపించాడు. ముల్లు నూరు దాటింది. ఇంకేం కావాలి? కొడుకు రౌటర్లో పోర్టు తెరిచి, ఆ రోజు ఇంటికి వచ్చిన ఐపీ నంబర్‌ను తన ఫోన్‌లో ఎక్కించుకున్నాడు.

దుబాయి పోయాక కూడా రూములో పడుకొని కల్లం చూసేవాడు. "బాపూ, కోళ్లొచ్చినయ్, కొట్టు" అని అక్కడి నుంచే ఫోన్ చేసేవాడు.

ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయి, తెల్లారి వచ్చింది.

"బాపూ, కెమెరా కనవడ్తలేదు. నెట్ పోయిందా?"

"నెట్ మంచిగనే ఉంది బిడ్డా. యూట్యూబ్ ఆగకుండ నడుస్తుంది."

ఇద్దరి మాటా నిజమే. రౌటర్ ఆగి మళ్లీ లేచినప్పుడు నెట్ కొత్త నంబర్ ఇచ్చింది. ఇల్లు మారాక పాత ఇంటికి ఉత్తరం రాసినట్టయింది కొడుకు పని. కొత్త నంబర్ ఎక్కించుకుంటే నడిచింది. మళ్లీ కరెంటు పోయింది, మళ్లీ మారింది. కొన్నాళ్లకు ఏ నంబర్ కొట్టినా తెరుచుకోలేదు. రౌటర్ లోపల 100.72తో మొదలయ్యే నంబర్ ఉంది, బయటి సైట్లు చూపించేది ఇంకొకటి.

ముసలాయన కోపంగా కేబుల్ పిలగాణ్ని పిలిపించాడు. వాడు మళ్లీ ముల్లు తిప్పి చూపించాడు. "తాతా, స్పీడ్ అడిగినవ్, ఇచ్చినం. అడ్రస్ సంగతి ఎన్నడన్న అడిగినవా?"

ముసలాయన దగ్గర జవాబు లేదు.

నీతి: వస్తువును అమ్మేవాడి కొలతతో కాదు, మన పనితో కొలవాలి.

పిలగాడిది మోసం కాదు. పాత పద్ధతి ఐపీ నంబర్లు మొత్తం కలిపి దాదాపు 430 కోట్లే. ప్రపంచానికి పంచే ఉమ్మడి ఖాతాలో 2011 ఫిబ్రవరికే అవి నిండుకున్నాయి. అందుకే 2012లో 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లను నెట్ కంపెనీల లోపలి వాడకానికి విడిగా పెట్టారు. చాలా ఇళ్లు బయటికి ఒకే నంబర్‌తో కనబడతాయి. సినిమా చూడటానికి, వీడియో కాల్‌కు దానితో ఇబ్బంది లేదు. బయటి నుంచి ఇంట్లోకి రావాలంటేనే తలుపు ఉండదు. తమ సర్వర్ మీదుగా బొమ్మ పంపే కొత్త కెమెరాలకు ఈ బాధ లేదు, కాకపోతే మన కల్లం బొమ్మ వాళ్ల చేతుల మీదుగా పోతుంది.

కాబట్టి బిగించిన రోజు ముల్లు చూసి మురిసిపోకండి. సాయంత్రం ఊరంతా నెట్ వాడే వేళ చూడండి. రౌటర్ ఆపి, కాసేపటికి వేసి, నంబర్ మారిందేమో చూడండి. రౌటర్లో కనబడే నంబర్, బయట కనబడే నంబర్ ఒకటేనా అని పోల్చండి. బయటి నుంచి ఇంటికి చేరే పని ఉంటే, ఎప్పటికీ మారని నంబర్ (స్టాటిక్ ఐపీ) ఇస్తారా, దానికి ఎంత తీసుకుంటారు అన్నది డబ్బు కట్టకముందే అడగండి.