ఎదుటివాడి పాట

తిరుపతి,
కార్తీక సోమవారం.

చి. సౌ. మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నువ్వు కుట్టిన ఎలుగుబంటి ఫోటోను మీ మామ ఫోనులో పెద్దది చేసి చూపించాడు. ముక్కు బాగా కుదిరింది. పోయిన దసరాకు బొమ్మల కొలువులో పెట్టినదాని ముక్కు కాస్త ఎడమకు ఒరిగింది, పండగపూట ఎందుకులే అని అప్పుడు చెప్పలేదు. ఇందులో దారం పోగు పక్కన పోగు పడింది. మెడ, చేతులు, కాళ్ళు, అయిదు కీళ్ళూ తిరుగుతున్నాయని రాశావు. లోపల బిళ్ళలు పెట్టి పిన్ను మెలిపెట్టడం వేళ్ళు కందిపోయే పనే. మొహేర్ గుడ్డ కోసేటప్పుడు కత్తెర మొనతో అడుగునేత మాత్రమే కత్తిరించాలని, పైబొచ్చు తెగకూడదని నాకు నేర్పింది నువ్వే. పగలంతా కంప్యూటరు ముందు కూర్చున్నదానికి రాత్రి గంటసేపు సూది పట్టుకుంటే మనసు కుదుటపడుతుందన్నావు, నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కుట్టడం మానమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడంలేదు.

మన కొలువులో పైమెట్టు మీదుండే ఎర్రచందనం జంట గుర్తుంది కదా. మా అవ్వ పెండ్లికి వచ్చిన బొమ్మలు. ఆ రోజుల్లో కొత్తగా పెండ్లయిన పిల్లకు ఆ జంట ఇవ్వడం మనవైపు ఆచారం. మగబొమ్మ మోచేతి మీదున్న పంటిగాట్లు మీ నాయనవి. రక్తచందనం కడుపులోకి పోయినా మంచిదేనని అవ్వ ఏమీ అనేది కాదు. ఆ కర్ర మన శేషాచలం, పాలకొండ, వెలిగొండ, వాటి చుట్టుపక్కల కొండల్లో తప్ప ఇంకెక్కడా తనంతట తాను పెరగదు. పిల్లలు కొరికిన ఆ కర్రకు ఇప్పుడు ఎంత ధరో చూడు. 2014లో ప్రభుత్వం దొంగరవాణాలో పట్టుబడిన దుంగలను ప్రపంచంలోని కొనుగోలుదార్లందరికీ ఈ-వేలం వేసింది. టన్ను ధర లక్షల్లో పలికింది. ఏర్పేడు దగ్గర మాధవమాలలో బొమ్మలు చెక్కేవాళ్ళకు ఆ కర్ర ముట్టుకోవాలన్నా భయమే. పిల్లల చేతిలో ఉండాల్సిన వస్తువు వేలంలోకి పోతే, మళ్ళీ పిల్లల చేతికి రావడం కష్టం.

నా చిన్నప్పుడు మా ఊరికి ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు వచ్చేవాళ్ళు. దాని ముక్కుకు తాడు ఉండేది. జడుపు పోతుందని పిల్లలను దాని వీపు మీద కూర్చోబెట్టి, వెంట్రుక ఒకటి తాయెత్తులో చుట్టిచ్చి దుడ్లు తీసుకునేవాళ్ళు. నేను ఎక్కనని ఏడ్చాను, మీ నాయన ఎక్కాడు. అట్లాంటి ఎలుగులను ఆ తర్వాత విడిపించి, కొన్నిటిని మీ బెంగళూరు పక్కనే బన్నేరుఘట్టలో పెట్టారు. అలిపిరి దారిలో ఎలుగు కనబడిందని పేపర్లో పడినప్పుడల్లా మీ మామ నాకు చదివి వినిపిస్తాడు. అయినా ఎలుగంటే మనకు మొదట గుర్తొచ్చేది జాంబవంతుడే. ఏటా చవితినాడు అక్షింతలు పట్టుకుని విన్న కథే. రోజూ బంగారం కురిపించే శమంతకమణి సింహం నోట్లోనుంచి ఆయన చేతికొస్తే, తీసుకెళ్ళి బిడ్డ ఉయ్యాలకు కట్టాడు. చిన్నప్పుడు కాణిపాకం నుంచి వస్తూ బస్సులో, ‘ఉయ్యాలకా! ఎంత మంచోడు’ అన్నావు నువ్వు. ఆ కథలో మణి విలువ తెలిసినవాళ్ళెవరూ సుఖపడలేదు. మెడలో వేసుకున్న ప్రసేనుడు చచ్చాడు. సత్రాజిత్తు కృష్ణుడి మీదే దొంగతనం మోపి, చివరికి ఆ మణి కోసమే ప్రాణం పోగొట్టుకున్నాడు. ధర తెలియని గుహలో మాత్రం అది కొన్నాళ్ళు బొమ్మగా ఉంది.

నువ్వు ఇక్కడ వదిలిపోయిన ఎలుగుబొమ్మల పుస్తకం పైటాలపూట చదివాను. 1902లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వేటలో కట్టేసిన ఎలుగును కాల్చనన్నాడట. బెర్రీమన్ అనే ఆయన దానికి కార్టూను వేశాడట. బ్రూక్లిన్‌లో ఒక అంగడివాడు రూజ్‌వెల్ట్ ముద్దుపేరు ‘టెడ్డీ’తో బొమ్మ చేశాడట. నాకు నచ్చింది మాత్రం జర్మనీలోని గీంగెన్ ఊరి మార్గరెట్ స్టైఫ్. పోలియోతో చక్రాల కుర్చీలో ఉండి కుట్టుపని చేసుకునే ఆమె, 1880లో సూదులు గుచ్చుకోవడానికి ఏనుగు ఆకారంలో దిండ్లు కుట్టింది. పిల్లలు వాటితో ఆడుకోవడం మొదలుపెట్టారు. అంత పెద్ద కంపెనీ అట్లా పుట్టింది. ఆమె అన్నదమ్ముల కొడుకు రిచర్డ్ కీళ్ళు తిరిగే ఎలుగును రూపొందిస్తే, 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వ్యాపారి 3,000 కావాలన్నాడు. ఆ మొదటి రకం బొమ్మ ఒక్కటి కూడా తర్వాత ఎవరికీ దొరకలేదంటారు. నీలాంటివాళ్ళ నిద్ర చెడగొట్టడానికి అంతకంటే ఏం కావాలి!

1994లో లండన్ క్రిస్టీస్ వేలంలో 1904 నాటి స్టైఫ్ ఎలుగు 1,10,000 పౌండ్లు పలికిందని నువ్వు గీత గీసుకున్న పేజీ కూడా చూశాను. దాన్ని జపాన్ బొమ్మల వ్యాపారి ఒకాయన తన మ్యూజియం కోసం కొన్నాడు. ఆ గీత పక్కన ఇంకో మాట రాసుకో. అదే ఏడాది మన హైదరాబాదులో బాలాపూర్ వినాయకుడి లడ్డును మొదటిసారి వేలం వేస్తే 450 రూపాయలు పలికింది. 2024లో 30 లక్షలు దాటింది. ఆ ముప్ఫై ఏండ్లలో లడ్డు మారలేదు, పాడేవాళ్ళు మారారు. అయినా లడ్డు పాడినవాడికి లెక్క ముందే తెలుసు. ఆ దుడ్డు దేవుడి పేరున ఊరికి పోతుంది, ప్రసాదం నలుగురికీ పంచుతాడు. ఫోనులో పాత ఎలుగుబొమ్మలు పాడుకునే నీకు అట్లా కాదు.

ఇక మీ తాత సంగతి. మీ నాయన నీకు ఇది చెప్పి ఉండడు.

మా ఊరి చెరువుకట్ట మీద పంచాయతీ చింతచెట్లుండేవి. ఏటా కాపును వేలం వేసేవాళ్ళు. పాటకు ముందు మగవాళ్ళు తల పైకెత్తి చెట్లకింద తిరుగుతా, ఇన్ని బస్తాలు దిగుతాయని ఎవరి లెక్క వాళ్ళు వేసుకునేవాళ్ళు. చింతకాయ ఆకుల మాటున ఉంటుంది కాబట్టి ఆ లెక్కంతా కంటి అంచనాయే. చెట్టు చూడటంలో మీ తాతను మించినవాడు లేడని పేరు. నేను ఇంటర్ రాసిన ఏడు ఆయనకు పోటీగా పాడింది ఆయన చిన్నాయన కొడుకు.

తాత మనసులో ఒక అంకె ఉంది. పాట దాన్ని దాటింది. ‘వాడింత పాడుతున్నాడంటే నాకు కనబడని కాపు ఏదో వాడికి కనబడింది’ అనుకున్నాడు తాత. అవతలాయన కూడా సరిగ్గా అదే అనుకున్నాడని చానా ఏండ్లకు బయటపడింది. ఇద్దరూ ముసలివాళ్ళై అరుగు మీద కూర్చున్నప్పుడు, ‘నువ్వు చెట్టు చూస్తే తప్పుతుందా అన్నా, నిన్ను చూసే పెంచినా’ అన్నాడు ఆయన. ఒకరి పాట ఇంకొకరికి సాక్ష్యమైంది. ఆ పూట చెట్టును చూసినవాళ్ళు ఎవరూ లేరు.

మూడోసారి అన్నాక తాత గెలిచాడు. జనం భుజం తట్టారు. కాయ రాల్చితే అనుకున్నదాంట్లో సగమన్నా దిగలేదు, పుంగనూరు మండీలో ధరా లేదు. బావికింద కయ్య అమ్మి పంచాయతీకి కట్టాడు. నాకు పద్మావతి కాలేజీలో సీటు వచ్చి ఉండింది. ఆ ఏడు, పై ఏడు కూడా నేను ఇంట్లోనే ఉండి పెసరకాయలు కోశాను. మీ తాతను ఎవరూ ఒక మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు ఎక్కువైంది. ఆ తర్వాత ఆయన చెట్లవైపు తల ఎత్తి చూడగా నేను చూడలేదు.

తర్వాత ఎట్లాగో చదివి ఎకనామిక్స్ చెప్పుకుంటా బతికాను కదా. 1971లో కేపెన్, క్లాప్, కాంప్‌బెల్ అనే ముగ్గురు అమెరికా చమురు ఇంజనీర్లు రాసిన వ్యాసం ఒకటి చేతికొచ్చింది. మెక్సికో సింధుశాఖలో చమురు తవ్వుకునే హక్కులు వేలంలో పాడుకున్న కంపెనీలు ఎందుకు దెబ్బతింటున్నాయో లెక్కగట్టారు వాళ్ళు. నేల లోపల ఎంత చమురుందో ఎవరికీ తెలియదు, ఒక్కొక్కరిదీ ఒక్కో అంచనా. అందరికంటే ఎక్కువ పాడేది అందరికంటే ఎక్కువ అంచనా వేసినవాడు. అంటే, చానాసార్లు, అందరికంటే ఎక్కువ పొరబడినవాడు. విజేత శాపమని దానికి పేరు. తాత చింతచెట్టు కింద నిలబడి కట్టిన మూల్యాన్ని వాళ్ళు గణితంలో రాశారు. క్లాసులో ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ బోర్డువైపు తిరిగి చెప్పేదాన్ని.

నీకు చెప్పదలుచుకున్నది అదొక్కటే, పాపా. వేలంలో గెలిచావంటే, ఆ వస్తువు విషయంలో అందరికంటే ఎక్కువ పొరబడింది నువ్వేనేమో అని ముందు అనుమానించు. స్టైఫ్ గుర్తుగా చెవిలో గుండీ ఉన్న ఎలుగు ఫోటోను లోకంలో నూరుమంది చూస్తారు. కొందరు గుండీ కొత్తదని గుర్తుపట్టి తప్పుకుంటారు, ఇంకొందరు బొచ్చుకు రంగు వేశారని తప్పుకుంటారు. చివరిదాకా ఉండేది ఏదీ కనబడనివాళ్ళు. అవతల పెంచుతున్నది నీలాంటి ఇంకో పిచ్చిదో, అమ్మేవాడి బావమరిదో నీకేం తెలుసు?

మా కాలంలో పాట ఏడాదికొకసారి, పట్టపగలు, ఊరందరి ఎదురుగా జరిగేది. తాతను ఆపలేకపోయినా, ‘చాలు రా’ అనడానికి నలుగురు పెద్దవాళ్ళన్నా ఉన్నారు. ఇప్పుడు అమెరికావాడి సాయంత్రం నీకు తెల్లవారుజాము. దుప్పటి కింద ఫోను, అందులో తరిగిపోయే సెకండ్లు. పోయిన దసరాకు కొలువు ముందు హారతి ఇస్తున్నప్పుడు నీ కళ్ళు ఎక్కడున్నాయో నేను చూశాను. ఓడిపోతే వెంటనే ‘ఇట్లాంటిదే ఇంకోటి’ అని చూపిస్తుందట ఆ యంత్రం. పంచాయతీ దండోరా వేసేవాడికి కూడా ఇంత సిగ్గులేనితనం ఉండేది కాదు. పాతది కొంటేనే కళ తెలిసినట్టు అని మీ ఎలుగుబొమ్మల గుంపులో అనుకుంటారట. మార్గరెట్ స్టైఫ్ ఎవరి పాతబొమ్మ కొని కుట్టు నేర్చుకుంది?

ఇక అసలు విషయం. డొంకతిరుగుడు వద్దు.

నీ పార్సిళ్ళు మా ఇంటి అడ్రసుకు ఎందుకు వస్తున్నాయో నాకు తెలుసు. మీ అమ్మకు, మీ ఆయనకు తెలియకూడదని. ఇప్పటికి వచ్చినవి బీరువా మీద ఉన్నాయి, విప్పలేదు. ఇకమీదట వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపుతాను. కస్టమ్స్ దుడ్డు కట్టమని మీ మామను అడిగావు, ఆయన నాకు చెప్పకుండా కట్టాడు. అది కూడా ఇదే చివరిసారి.

కొనడం మానలేవంటే ఇట్లా కొను. పాట మొదలుకాకముందే, పగటిపూట, కాగితం మీద ఒక అంకె రాయి. అందులో వస్తువు ధర, రవాణా ఖర్చు, సుంకం, దానిమీద పన్ను అన్నీ ఉండాలి. సుంకం వస్తువు ధర మీద మాత్రమే అనుకోకు, రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కేస్తారు. బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. సొంతానికి తెప్పించుకున్నదానికి సుంకం రేటు వేరే ఉండొచ్చు గానీ, ఉచితంగా వదలరు. ఆ అంకెను ఒక్కసారే వేసి ఫోను పక్కన పెట్టి పడుకో. చానా సైట్లలో యంత్రమే పక్కవాడి పాట మీద ఒక మెట్టు మాత్రం పెంచుతా పోతుంది, నీ గరిష్ఠం దాటదు. విక్రీ అనే ఆయన 1961లో ఇట్లాంటి వేలాల లెక్క తేల్చాడు, ఆయనకు 1996లో నోబెల్ వచ్చింది. నీకు నిజంగా ఎంత విలువ అనిపిస్తే అంత ఒకేసారి చెప్పి ఊరుకోవడమే అందులో తెలివి. పొద్దున లేచి చూస్తే వచ్చిందా, సరే. రాలేదా, ఇంకా మంచిది.

గుండీ, చెవి, పాదాలు, లోపలి కుట్లు దగ్గరనుంచి తీసిన ఫోటోలు అడుగు. ఇవ్వనివాడి దగ్గర కొనకు. సైటు బయట నేరుగా పంపితే తగ్గిస్తానన్నవాడికి ఒక్క పైసా పంపకు. ‘మీ పార్సిలు కస్టమ్స్‌లో ఆగింది, ఫోన్‌పే చేయండి’ అని ఎవడన్నా ఫోను చేస్తే పెట్టెయ్. మోసపోయావనిపిస్తే గంటలోపే 1930కి చెప్పు, సిగ్గుపడి దాచుకుంటే దుడ్డు దొరకదు.

నువ్వు కుట్టిన బొమ్మలు అమ్మి, వీటికోసం చేసిన క్రెడిట్ కార్డు అప్పు తీరుస్తాను అంటావేమో. అది కూడా ఆలోచించాను. 2021 జనవరి నుంచి పిల్లల ఆటబొమ్మ అమ్మాలంటే ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు మినహాయింపు ఉంది. కాబట్టి ముందు నమోదు సంగతి కనుక్కో, తర్వాత అమ్మకం. అప్పు తీర్చడానికని కుట్టడం మొదలుపెడితే, ముక్కు మళ్ళీ ఎడమకు ఒరుగుతుంది.

అప్పు ఎంతో నన్ను అడిగించుకోకు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆరునెలల కార్డు బిల్లులు తెచ్చుకో. నేను ఒక్క రూపాయి ఇవ్వను. నీ పక్కన కూర్చుని నెలకెంత కట్టాలో రాసిస్తాను. పాతవాటిలో ఏవి అమ్మాలో కూడా ఇద్దరం చూద్దాం. ఆ తర్వాత మీ అమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళి చెప్పాలి. వదిన అరుస్తుంది. అరవనీ. మా ఇంట్లో ఎవరూ ఒక మాట అనకపోతే ఏమైందో పైన రాశాను.

ఇట్లు
మీ అత్త

మరిచాను: టికెట్టు భోగి ముందురోజుకు తీసుకో. పండగ మూడు రోజులూ లెక్కలు చూడటం నావల్ల కాదు.