పక్క సీటు ధర్మం

కారు నడపడం నేర్చుకోవడం కష్టమని అందరూ అంటారు. కాదనను. కాని కారు నడపడం నేర్పడం అంతకంటే కష్టమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. నేర్పినవాళ్ళు తమ అనుభవాలు బయటపెట్టరు, పరువు సమస్య. నాకు ఈ విషయంలో పెద్దగా పరువు మిగల్లేదు గనక చెబుతున్నాను.

మా కోడలు నరసరావుపేటలో ఒక కాలేజీలో లెక్కలు చెబుతుంది. మావాడికి హైదరాబాదులో ఉద్యోగం. పదిహేను రోజులకోసారి చుట్టపుచూపుగా వచ్చిపోతాడు. ఇంట్లో కారు మాత్రం గుడ్డ కప్పుకుని పడుకుని ఉంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర మా ఆవిడ, "ఆ కారేదో అమ్మాయికి నేర్పరాదూ? మీరు ఖాళీగానే ఉన్నారుగా!" అంది. రిటైరైన మగవాణ్ణి చూస్తే ఆడవాళ్ళకి ఖాళీ గిన్నె గుర్తొస్తుంది కాబోలు, అందులో ఏదో ఒకటి పోసేదాకా తోచదు.

"నేర్పుతాను, అదేమంత బ్రహ్మవిద్య?" అన్నాను.

నేను నేర్చుకున్నది 1980లలో. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండే అంబాసిడరు మీద. నేర్పినవాడు నేను గుమస్తాగా చేసిన పత్తిమిల్లు డ్రైవరు. పదిహేను రోజుల దాకా నన్ను రోడ్డెక్కనివ్వలేదాయన. "రోడ్డు బడి కాదండీ, పరీక్ష హాలు. బడి ఇక్కడే" అని మిల్లు ఆవరణలోనే గుండ్రంగా తిప్పేవాడు. అదే పద్ధతిలో మా కోడలికీ చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఎల్లెల్లార్ తెప్పించాం. ముందొకటి, వెనకొకటి ఎర్ర 'ఎల్' అతికించాం. మా చిలకలూరిపేటలో మూతపడిన జిన్నింగు మిల్లులకు కొదవలేదు. తెలిసినవాళ్ళ మిల్లు ఒకటి, విశాలమైన ఆవరణతో, మాకు బడి అయింది.

మొదటి రోజు బండి కదలనే లేదు. సీటు సర్దుకోవడం, అద్దాలు సర్దుకోవడం, కళ్ళు మూసుకుని పాదంతో క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు వెతుక్కోవడం, అంతే. రెండో రోజు క్లచ్చి. చదునైన నేల మీద మొదటి గేరు వేసి, యాక్సిలరేటరు జోలికి పోకుండా, క్లచ్చి మీద కాలు వెంట్రుకవాసి చొప్పున పైకి తియ్యాలి. ఒకచోట బండి ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ ఆపాలి. మళ్ళీ తొక్కాలి. ఇలా ముప్ఫైసార్లు. ఒక్కసారిగా వదిలేస్తే ఇంజను ఎక్కిళ్ళు పెట్టి ఆగిపోతుంది. అసలు వదలకపోతే బండి కదలదు. ఆ జలదరింపు కాలికి తెలిసినవాడికి సగం డ్రైవింగు వచ్చినట్టే అనేవాడు మా డ్రైవరు.

తరవాత తిన్నగా పోవడం. సున్నంతో గీసిన గీత మీద చక్రం పోవాలి. తరవాత రివర్సు. గోనెసంచుల్లో పత్తి వ్యర్థం కుక్కి స్తంభాల్లా నిలబెట్టి, వాటి మధ్య వెనక్కి దూర్చడం. తగిలినా కారుకి గీత పడదు. పత్తి పండే ఊళ్ళో ఇదొక సౌకర్యం. ఆ తరవాత ఎనిమిది. నేను గీసిన ఎనిమిదిని మా ఆవిడ చూసి, "ఇదేం ఎనిమిదండీ, సొరకాయలా ఉంది" అని, సున్నం బొచ్చె లాక్కుని, ముప్ఫై అయిదేళ్ళుగా వాకిట్లో మెలికల ముగ్గు వేసిన చేత్తో చక్కటి ఎనిమిది వేసింది. దాని మీద కోడలు తిప్పుతూంటే నాకు ముచ్చటేసింది.

చివరిది ఎత్తు మీంచి కదలడం. మా పేటలో ఎత్తంటే మిల్లు కాటా ముందుండే ఏటవాలే. పత్తి బళ్ళు తూకానికి ఎక్కే చోటన్నమాట. అక్కడ బండి ఆపి, హ్యాండుబ్రేకు వేసి, వెనకచక్రం వెనకాల అగ్గిపెట్టె పెట్టాలి. క్లచ్చి జలదరింపు దాకా తెచ్చి, చిన్నగా పెట్రోలు ఇచ్చి, హ్యాండుబ్రేకు దించి ముందుకు పోవాలి. అగ్గిపెట్టె నలగకూడదు. మొదటి రెండు రోజుల్లో మూడు పెట్టెలు అప్పడాలయ్యాయి. నాలుగో పెట్టె నిలిచింది. అదింకా నా దగ్గరుంది. దాని కథ తరవాత చెబుతాను.

ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది. పదహారో రోజున రోడ్డెక్కాం.

మార్చి నెల. మా ప్రాంతంలో మార్చి నెలంటే ఎరుపు. కళ్ళాల్లో, రోడ్ల వారన, పట్టాల మీద, ఎక్కడ చూసినా మిరపకాయలే. కోటప్పకొండ వైపు రోడ్డు మీద రెండో గేరులో పోతున్నాం. ఎదురుగా టిక్కీలు ఎత్తుగా వేసుకున్న ట్రాక్టరొకటి, రోడ్డు తన మేనమామ రాసిచ్చినట్టు మధ్యలో వస్తోంది. మా కోడలు కాలు బ్రేకు మీదికి పోయింది. "ఆగుదామండీ, మామయ్యగారూ" అంది. "ఆగకు! ఎడమకి తియ్యి! ఎడమకి!" అని అరిచాను నేను. నా కుడికాలు అప్పటికే లేని బ్రేకుని తొక్కుతోంది. ఆ అమ్మాయి పెద్దవాడి మాట కాదనలేక ఎడమకి తీసింది. ట్రాక్టరు వెళ్ళిపోయింది. మేము మిరపకాయల మీద ఉన్నాం.

తలగుడ్డ విప్పుకుంటూ రైతు వచ్చాడు. నేను గబగబా దిగి, "అమ్మాయి కొత్తగా నేర్చుకుంటోందండీ, ఏమనుకోకండి" అన్నాను. ఆయన కారుకి అతికించిన ఎర్ర 'ఎల్' చూశాడు. స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయిన మా కోడల్ని చూశాడు. నన్ను చూశాడు.

"ఆయమ్మ కొత్తేనండీ. పక్కన కూర్చున్న మీరు కూడా కొత్తేనా?" అన్నాడు.

కోపంతో అన్నమాట కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగినట్టు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. నలిగిన కాయలు ఏరి తూస్తే ఆరు కిలోలు తూగాయి. యార్డులో ధర ఎంతో అంతే తీసుకున్నాడు. పైన ఇచ్చిన డబ్బు వెనక్కిచ్చి, "నలిగిన సరుకు మీదేనండీ" అని సంచిలో పోసి డిక్కీలో పెట్టించాడు. తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. అదింకో తప్పు. దారిపొడుగునా మా కోడలు మాట్లాడలేదు.

మిరపకాయల సంచి వరండాలో ఓ మూల పెట్టాం. నలిగిన మిరపకాయ సంగతి మీకు తెలియంది కాదు. ఇంటిల్లిపాదికీ తుమ్ములు. మూడో రోజున కోడలు, "పిల్లల పరీక్షల రోజులండీ మామయ్యగారూ, కొన్నాళ్ళు ఆగి నేర్చుకుంటాను" అంది. మళ్ళీ బస్సు మొదలైంది. ఆ అమ్మాయికి పోయింది తీరిక కాదు, ధైర్యం. ఆ సంగతి తెలిసీ నేను ఊరుకున్నాను. ఎవరు తుమ్మినా నాకు నేనన్న మాటే గుర్తొచ్చేది.

అమ్మాయి కొత్తగా నేర్చుకుంటోందన్న మాటలో అబద్ధం ఎక్కడుంది చెప్పండి? ఒక్క అక్షరం కూడా లేదు. కురుక్షేత్రంలో ధర్మరాజు అశ్వత్థామ గురించి అన్నదాంట్లోనూ అక్షరం అబద్ధం లేదు. అయినా అంతదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం ఆ మాటతో నేలకి దిగిందంటారు. నా బండి మొదట్నించీ నేల మీదే ఉంది గనక, అది మిరపకాయల మీదికి దిగింది.

అసలు నేర్చుకునేవాడి తప్పు ఎవరి ఖాతాలో రాయాలి? ఇది కారుతో పోయే ప్రశ్న కాదు. కొత్త నర్సు సూది గుచ్చడం ఎవరో ఒకరి నరం మీదే నేర్చుకోవాలి. కొత్త పంతులు లెక్క తప్పు చెబితే మోసేది పిల్లలే. వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని మనవాళ్ళు వేళాకోళంగా అన్నారుగాని, ఆ వెయ్యిమందిలో మన మనిషి ఉంటే నవ్వు రాదు. ప్రతి విద్యకీ మూల్యం ఉంది. అందులో కొంత, ఆ విద్యతో ఏ సంబంధమూ లేని దారినపోయేవాడు చెల్లిస్తాడు. అతనికి మనం 'ఎల్' బోర్డు చూపిస్తాం.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు ఆ బోర్డుకి కొలతలు కూడా చెప్పాయి. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరం. బోర్డు 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పు తగ్గకూడదు. ఇంగ్లండులో డ్రైవింగు పరీక్షతోపాటు 1935లో వచ్చిన ఆచారం ఇది. ఆ బోర్డుని నేను ముందస్తు క్షమాపణ పత్రం అనుకున్నాను. కాదు. అదే నియమం ఇంకోమాట కూడా చెప్పింది. పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, బండిని అదుపు చేయడానికో ఆపడానికో వీలుగా కూర్చోవాలి. అంటే ఆ అక్షరం జనానికి చెప్పేది "నన్ను క్షమించండి" అని కాదు, "నా పక్కన ఒకరున్నారు చూడండి" అని. 2019లో చట్టాన్ని సవరించి, మైనరు పిల్లలు బండి నడిపి నేరం చేస్తే పెద్దవాళ్ళకే 25 వేల రూపాయల జరిమానా, 3 ఏళ్ళ దాకా జైలు అన్నారు. చట్టానికి కూడా పక్క సీటు మీదే కన్ను.

డ్రైవింగు స్కూలు బళ్ళు చూశారా? నేర్పేవాడి కాళ్ళ దగ్గర కూడా బ్రేకు ఉంటుంది, క్లచ్చి ఉంటుంది. స్టీరింగు మాత్రం ఉండదు. ఈ ఏర్పాటు చేసినవాడెవడో గొప్ప ధర్మశాస్త్రజ్ఞుడని నాకనిపిస్తుంది. నువ్వు ఆపగలవు, తిప్పకూడదు. నేనేమో బ్రేకు లేని సీట్లో కూర్చుని, నోటితో స్టీరింగు తిప్పాను. శల్యసారథ్యం అని మనకో మాట ఉంది. ఆ శల్యుడి చేతిలో పగ్గాలైనా ఉన్నాయి. నాకవీ లేవు, నోరొక్కటే.

వారం తరవాత, మా ఆవిడ కూడా ఉన్నప్పుడే, కోడలితో అన్నాను. "అమ్మాయ్, ఆ రోజు ఎడమకి తియ్యమన్నది నేను. నువ్వు ఆగుదామన్నావు. తప్పు నాది. ఆ రైతు దగ్గర నీమీద పెట్టాను."

"నాకు తెలుసండీ మామయ్యగారూ" అంది ఆ అమ్మాయి తల దించుకుని. "మీకు తెలుసో లేదోనని చూస్తున్నాను."

మా ఆవిడ తుమ్మింది. తుమ్మో, నవ్వో చెప్పలేను.

నేను ఉత్సాహం పట్టలేక, "ఇకమీదట నువ్వు నేర్చుకునేంతవరకు ఏ తప్పు జరిగినా నాదే, సరేనా?" అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "అన్నీ మీవే అయితే నేను డ్రైవర్ని అయ్యేదెప్పుడండీ? మీరన్నారని తిప్పడం నా తప్పే. స్టీరింగు నా చేతిలోనే ఉందిగా!" అంది.

లెక్కల టీచరు. పంపకం సరిగ్గా చేసింది.

ఆ రాత్రి నాకు క్లచ్చి గుర్తొచ్చింది. నేర్పేవాడు తప్పుల బరువుని నేర్చుకునేవాడికి వదలవలసింది అలాగే. మొదటిరోజు మొత్తం మనమే తొక్కిపట్టి ఉంచాలి. తరవాత వెంట్రుకవాసి చొప్పున వదలాలి. ఒకచోట ఇద్దరికీ ఒళ్ళు జలదరిస్తుంది. అక్కడ భయపడి మళ్ళీ పూర్తిగా తొక్కేస్తే అవతలి మనిషి ఎన్నటికీ కదలడు. విసుగుపుట్టి ఒక్కసారిగా వదిలేస్తే ఆగిపోతాడు. నేను ఆ రైతు ముందు ఒక్కసారిగా వదిలేశాను. ఇంట్లో పెద్దమనసు చూపిద్దామని పూర్తిగా తొక్కబోయాను. రెండూ ఒకే రకం మొరటుతనం. ఇక రైతు నష్టం మాత్రం ఏ క్లచ్చి లెక్కలోకీ రాదు. అది అక్కడికక్కడే, కాటా వేసి, మేమిద్దరం ఇచ్చుకోవలసిందే.

మర్నాటి నించి మళ్ళీ మిల్లు ఆవరణలో బడి పెట్టాం. ఈసారి కసరత్తు నాక్కూడా. నా చేతిలో ఆ నలగని అగ్గిపెట్టె. "ఆపు" అన్న ఒక్కమాట తప్ప నేనేం మాట్లాడినా ఒక పుల్ల బయటికి తీసి జేబులో వేసుకోవాలి. మొదటిరోజు ఇంటికొచ్చి లెక్కపెడితే ఇరవై మూడు. వారానికి పదకొండు. రోడ్డెక్కిన రోజున, అదే దారిలో, అదే కళ్ళం పక్కన, నాలుగు. ఆ నాలుగింటిలో ఒకటి రైతుకి పెట్టిన నమస్కారం. దానికి పుల్ల అక్కర్లేదంది మా కోడలు.

ఆమెకి లైసెన్సు వచ్చింది. మొన్న సోమవారం మొదటిసారి ఒక్కతే నరసరావుపేట బయల్దేరింది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. సందు చివర మలుపులో ఆటో ఒకటి అడ్డొచ్చింది. నా కుడికాలు నేలని గట్టిగా తొక్కింది. కారు ఆగింది. ఆటో పోయాక మెల్లగా మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"లోపలికి రండి, కారు అప్పుడే వెళ్ళిపోయింది" అంది మా ఆవిడ.

వెళ్ళిందిగాని, నా కాలు నేల మీంచి లేవడానికి ఇంకాస్త సేపు పట్టింది.