వంకర పలువరుస

హైదరాబాదులో జూబ్లీహిల్స్ నుండి ఫిలింనగర్ వైపు పోవు మార్గమున బండరాళ్ల గుట్టల నడుమ రెండు లోకములు కన్పట్టును. ఒక ప్రక్క చిత్రసీమ ప్రముఖుల భవనములు. వాని దాపుననే దీపములు మోయువారు, సెట్లు కట్టువారు, దుస్తులు కుట్టువారు నివసించు బస్తీలు. అక్కినేని నాగేశ్వరరావుగారు 1976లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను ప్రారంభించిన పిదప మద్రాసునందలి తెలుగు చిత్రపరిశ్రమ క్రమముగా ఈ గుట్టలకు చేరినది. ముఖమే జీవనాధారమైన వారి చెంత దంతవైద్యశాలలు వెలయుటలో వింత లేదు.

లోకపు వంకరను దిద్దబోవుటకు ముందు ఎవరి తనువును, ఎవరి మనస్సును వారు చక్కబెట్టుకొనవలెనని బసవేశ్వరుని బోధ. తనువును ముందు చెప్పుట గమనింపదగినది. ఇష్టలింగమును ధరించు దేహము హేయము కాదు. ప్రసాదమును నమలునవి దంతములు. పంచాక్షరి యందలి మొదటి అక్షరమగు నకారము నాలుక దంతమూలమును తాకిననే పలుకును. వ్యాకర్తలు దానిని దంత్యమన్నారు. కావున ఎత్తుపళ్లు గల బిడ్డకు, పన్ను మీద పన్ను మొలచి కుంచెకు అందక పుచ్చిపోవు బిడ్డకు క్లిప్పులు వేయించుట విలాసమని కొందరు పెద్దలు విసుగుకొనుట తగదు.

క్లిప్పుల పని మిక్కిలి నెమ్మదియైనది. పూర్వము ప్రతి పంటికిని లోహపు కట్టు బిగించెడివారు. పంటి పింగాణిని ఆమ్లముతో గరుకుచేసినచో దానిపై పూత గట్టిగా అంటుకొనునని 1955లో బ్యూనోకోర్ అను శాస్త్రజ్ఞుడు చూపిన తరువాత, చిన్న లోహపు బిళ్లలను పంటికే అతికించు మార్గము ఏర్పడెను. ఆ బిళ్ల గాడిలో తీగను కూర్చు విధానమును అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ ఆంగిల్ 1928లో వెలువరించెను. నేటి లోహపు క్లిప్పులకు మూలము అదియే.

తీగ పంటిని ఈడ్చివేయునని పలువురి తలంపు. నిజమునకు కదలునది పన్ను మాత్రమే కాదు, దాని ఇల్లు. పంటివేరునకు, దవడయెముకకు నడుమ సన్నని పొర కలదు. తీగ ఒత్తిడి ఏ వైపున పడునో ఆ వైపు ఎముక కరగును. వెనుకవైపున క్రొత్త ఎముక పేరుకొనును. నెలకు ఒక మిల్లీమీటరు కదలిన చాలును. నాలుగు నుండి ఆరు వారములకొకసారి వైద్యుడు తీగను సరిచూచును. చికిత్స ముగియుటకు సాధారణముగా ఏడాదిన్నర నుండి రెండేండ్లు పట్టును. త్వరపడి అధికబలము ప్రయోగించినచో ఆ పొరలో రక్తప్రసారము ఆగి పన్ను కొంతకాలము కదలనే కదలదు; వేరు కొన కరిగి పొట్టిదగుటయు కలదు. బలము పెంచినకొలది పని వెనుకబడునన్నమాట. శిష్యుని దండించి దారికి తేవలెనని తలచు గురువులు ఈ ఎముకను ఒక్కమారు స్మరింపదగును.

అయినను నేటి కాలమునకు ఓర్పు కరవైనది. వివాహ ముహూర్తమునకో, షూటింగు తేదీకో నవ్వు సిద్ధము కావలెను. 2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక దంతవైద్యశాలకు చిరునవ్వును తీర్చిదిద్దించుకొనుటకు పోయిన యువకుడొకడు ప్రాణములు కోల్పోయెను. మత్తుమందు మోతాదు మించినదని తండ్రి ఆరోపింపగా పోలీసులు కేసు నమోదు చేసిరి. అది క్లిప్పుల చికిత్స కాదు. క్లిప్పులు వేయుటకు సామాన్యముగా మత్తుతో పనియే లేదు. తప్పెవరిదో తేల్చుట న్యాయస్థానముల పని. కాని నవ్వు మెరుగుపడవలెనని బయలుదేరిన కుమారుడు తిరిగి రాని ఇంటిలో, ఆ నవ్వు ఎవరి కంటికొరకు అను ప్రశ్న మిగిలియుండును.

నటునకు ముఖము కాయకసాధనము. కుమ్మరి తన చక్రమును సరిచేసికొన్నట్లు అతడు పలువరుసను సరిచేసికొనిన తప్పు పట్టరాదు. పాఠశాలలో తోటివారు పళ్లికిలివాడని వెక్కిరింపగా నోటికి చేయి అడ్డుపెట్టి నవ్వు బాలుని సంగతి వేరు. వానికి క్లిప్పులు వేయింపవచ్చును. కాని వెక్కిరించిన నోటికి ఏ తీగ వేయుదురు? ఆ నోళ్లలో ఇంటివారివే ముందుండుట పలుచోట్ల కాననగును. మేనత్త ఆడిన మాట బిడ్డ ముప్పది యేండ్లకును మరువదు.

ఏడెనిమిదేండ్ల ప్రాయమున ఒకసారి చూపించుట మేలు. బొటనవ్రేలు చప్పరించు అలవాటు, పాలపళ్లు అకాలమున ఊడుట మున్నగు కారణములను అప్పుడే కనిపెట్టవచ్చును. క్లిప్పులున్నంత కాలము చక్కిలములు, చెరకు, వేరుసెనగ ఉండలు మానవలెను. తిన్న ప్రతిసారియు నోరు శుభ్రపరచుకొనవలెను, లేనిచో వరుస చక్కబడి పళ్లు పుచ్చును. బంగళాలోని బిడ్డకు ఇవన్నియు సులభమే. బస్తీలోని బిడ్డకు ప్రైవేటు రుసుమే కొండయగును. అట్టివారికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి కలదు. అచ్చట వరుసలో నిలుచుటకు ప్రతి పర్యాయమును తల్లి ఒకదినపు కూలి వదలుకొనవలెను. దాసోహమునకై ద్రవ్యము తీయు సంఘములు అన్నముతో పాటు ఆ ఒక్క దినపు కూలిని గూర్చియు ఆలోచింపవచ్చును. రెండేండ్లలో అది సుమారు ఇరువదియారు దినములకు మించదు.

తీగ తీసిన నాడే పని ముగియదు. సడలిన ఎముక గట్టిపడువరకు, ఆ పిదపయు చాలకాలము, పళ్లు పాత చోటికి మరల జూచును. అందులకై నిలుపుపలక యొకటి ఇత్తురు. దానిని రాత్రులందు ధరించి, ఉదయమున చల్లనినీట కడిగి డబ్బీలో దాచవలెను. వేడినీట కడిగిన వంకరపోవును.