పంతులుగిరియు, బారువడ్డీయు

మొన్న రాజమహేంద్రవరమున కోటిపల్లి బస్టాండులో, దాళవా ధాన్యపు సొమ్ము పంచె కొంగున ముడివేసికొని, కూతును బి.ఇడి.లో చేర్పింపవచ్చిన కోనసీమ రైతొకడు, బ్యాంకు కాగితములు నా చేతికిచ్చి, "పంతులమ్మయితే ఈ అప్పు తీరిపోద్దంటారా అండీ?" యని యడిగెను.

వీరేశలింగముగారు తెలుగు పండితులై పాఠములు చెప్పిన యీ యూర నుపాధ్యాయునికిగల గౌరవము నేనెఱుగనిది కాదు. అయినను గౌరవము వేఱు, వడ్డీ వేఱు. లక్షరూపాయల ఋణమునకు, ఏటా నూటికి పది చొప్పున, రెండేండ్ల చదువును, ఆపై నొక యేడు గడువును ముగియునప్పటికి బారువడ్డీయే ముప్పదివేలగును. సర్కారు బడిలో స్కూల్ అసిస్టెంటు మూలవేతనము 44,570 రూపాయలతో మొదలగును గనుక, ఆ కొలువు దొరికినచో నిది మోయరాని బరువు కాదు. దొరకుటయే గగనము! ఉపాధ్యాయ నియామకములకై వెలువడిన 2018 నాటి డీఎస్సీ ప్రకటన తరువాత, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లోగాని జరుగలేదు. 2023 ఆగస్టు నాటి సుప్రీంకోర్టు తీర్పుతో ప్రాథమిక పాఠశాలల తలుపు బి.ఇడి. వారికి మూతపడెను. నడుమ ప్రైవేటు బడి జీతమే గతి. అదెంతయో మీలో పెక్కురెఱుగుదురు.

ఆ రైతు ముడి విప్పక చాలసేపు కూర్చుండెను.

కావున తల్లిదండ్రులారా, సీటు కన్వీనరు కోటాలోనిదా, మేనేజ్‌మెంటు కోటాలోనిదా, ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించునా యని ముందుగా విచారించి, ఆ పిమ్మటనే బ్యాంకు గడప త్రొక్కుడు.