ఏనుగు దిగినవాడే భిక్షువు

థాయ్‌లాండ్ ఈశాన్యాన, కంబోడియా సరిహద్దును ఆనుకుని ఉన్న సురిన్ ప్రావిన్స్‌లో తా క్లాంగ్ అనే ఊరుంది. తరాలుగా ఏనుగులను పట్టి పెంచిన కూయ్ జాతివారి ఊరది. ఏటా వైశాఖ పున్నమి దగ్గరపడే రోజుల్లో అక్కడి కుర్రాళ్లు గుండ్లు చేయించుకుని, సుద్దతో బొమ్మలు గీసిన ఏనుగుల మీద ఊరేగి, ఆపైన బౌద్ధ దీక్ష తీసుకుంటారు. ఊరంతా వెంట నడుస్తుంది, ఏనుగులకు నదీస్నానం చేయిస్తుంది. ఒక ప్రాణిని ఇంతగా గౌరవించే సంప్రదాయం, ఆ ప్రాణిని జీవితాంతం కట్టేసి ఉంచడాన్ని ధర్మం చెయ్యగలదా? చెయ్యలేదనే నా అభిప్రాయం. అందుకు సాక్ష్యం బయటినుంచి తేనక్కర్లేదు, ఆ దీక్షలోనే ఉంది.

దీక్షకు వాహనమెక్కి వెళ్లడం సిద్ధార్థుడి మహాభినిష్క్రమణానికి అనుకరణ. ఆయన కంథకమనే గుర్రం మీద కపిలవస్తు దాటాడు, నది దాటాక దాన్ని వెనక్కి పంపేశాడు. ఆ కథకు ప్రాణం ఎక్కడంలో లేదు, దిగడంలో ఉంది. దీఘనికాయం చెప్పే భిక్షు శీలాల్లో ఏనుగులను, ఆవులను, గుర్రాలను దానంగా పుచ్చుకోరాదన్న నియమం స్పష్టంగా ఉంది. అంటే ఏనుగెక్కి వచ్చిన కుర్రాడు దీక్ష ముగిశాక అదే ఏనుగును ఎవరిచ్చినా తీసుకోకూడదు. ఇంకో సంగతి: దీక్షలో అతన్ని ‘నువ్వు మనిషివేనా?’ అని అడుగుతారు. పూర్వం ఒక నాగుడు, అంటే సర్పం, మనిషి వేషంలో సంఘంలో చేరాడన్న కథ ఆ ప్రశ్నకు మూలం. జంతువుకు దీక్ష లేదు. తాను దాటలేని గడప దాకా ఏనుగు మనిషిని మోసుకొస్తోంది. అలాంటప్పుడు బాకీ పడ్డది మనిషే.

మోసినందుకు ఏనుగుకూ పుణ్యం దక్కుతుందిగా, మరుజన్మ బాగుపడుతుందిగా అని భక్తులు అనవచ్చు. కానీ చేతననే, అంటే సంకల్పాన్నే, కర్మ అన్నాడు బుద్ధుడు. అంకుశానికి జడిసి వేసిన అడుగులో దానబుద్ధి ఎక్కడిది? పారిలేయ్యక వనంలో బుద్ధుడికి సేవచేసిన ఏనుగు మందను వదిలి తనంతట తానే వచ్చింది, దాని కాలికి తాడు లేదు. బుద్ధుడి మీదికి వచ్చిన నాలాగిరి అనే మదపుటేనుగును లొంగదీసింది మైత్రి ఒక్కటే. ఆ ఘట్టాన్ని మన అమరావతి శిల్పులు చెక్కిన ఫలకం చెన్నై మ్యూజియంలో ఉంది. ఇక దంతభూమి సుత్తం అడవి ఏనుగును స్తంభానికి కట్టి మచ్చిక చేయడాన్ని మనోనిగ్రహానికి పోలికగా వాడుకుంది నిజమే. సతిపట్ఠాన సుత్తం ఆవును కోసి ముక్కలు పరిచిన కసాయివాణ్ణి కూడా పోలికగా తెచ్చింది. అంతమాత్రాన కసాయితనానికి అనుమతి దొరికిందని ఏ భిక్షువూ అనలేదు. పైగా ఉపాసకులు చేయరాని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటి.

మనిషి ఏనుగుకు బాకీ పడ్డాడన్న ఈ భావం కూయ్ పెద్దలకు బౌద్ధంతో పనిలేకుండానే తెలుసునని నాకు తోస్తుంది. ఏనుగులను పట్టే తోలు తాడు ‘పాకం’ను వాళ్లు దైవంగా కొలిచారు, దానికి ఇంటి ముంగిట గుడి కట్టారు. వేటకు వెళ్లినవాళ్లు అడవిలో మామూలు మాటలు మాట్లాడకూడదు. ఇంటి దగ్గర భార్యలు సైతం కట్టుబాట్లు పాటించాలి. ఆ కట్టుబాట్లు హింసను తుడిచేశాయని నేను అనను. కానీ ఒక ప్రాణి స్వేచ్ఛను హరించడం ఊరికే చేసే పని కాదని, చేసినవాడు తానూ కట్టుబడి బతకాలని అవి గుర్తుచేశాయి. ఆ వేట గత శతాబ్దం మధ్యలో ఆగిపోయింది. 1960లో మొదలైన సురిన్ ఏనుగుల పండుగ ఏటా నవంబరులో జరుగుతూనే ఉంది. అక్కడ ఏనుగులు ఫుట్‌బాల్ ఆడతాయి, పాతకాలపు యుద్ధాలను అభినయిస్తాయి. టికెట్టు కొన్న ప్రేక్షకుడికి మాత్రం ఏ నియమమూ లేదు. గౌరవం మిగిలింది, గౌరవించేవాడి మీద ఉండాల్సిన కట్టడి పోయింది. నన్ను కలవరపెడుతున్నది ఇదే.

పండుగలూ పర్యాటకులూ లేకపోతే ఈ ఏనుగులకు తిండి ఎవరు పెడతారన్నది బలమైన ఆక్షేపణ. పెద్ద ఏనుగు రోజుకు 150 కిలోలకు పైగా మేత తింటుంది. 1989లో ప్రభుత్వం అడవుల్లో కలప నరకడాన్ని నిషేధించాక, కలప లాగే పని పోయి ఎందరో మావటులు ఏనుగులతో బ్యాంకాక్ వీధుల్లో బిచ్చమెత్తారు. 2020లో కోవిడ్ వల్ల పర్యాటకం ఆగిపోతే ఎన్నో ఏనుగులు సొంత ఊళ్లకు నడిచి వచ్చాయి. మనిషి చేతుల్లో పుట్టి పెరిగినవాటిని ఒక్కసారిగా అడవిలో వదిలేస్తే చాలనడమూ బాధ్యత కాదు. అయితే మేత మనం తీర్చాల్సిన బాకీ. దానికి బదులుగా సవారీ అడగడం బాకీని తిరగరాయడమే. ఊరేగింపులో ఏనుగులు వీపు మీద ఎవరూ లేకుండా కుర్రాళ్ల పక్కన నడవనీ, పిల్ల ఏనుగులను తల్లులనుంచి వేరుచేసి మచ్చిక చేయడం ఆగనీ. పండుగకు లోటేమీ రాదు. దీక్ష చెల్లడానికి భిక్షు నియమావళి అయిన వినయం అడిగేవి సీమ అనే హద్దు కట్టిన స్థలం, ఉపాధ్యాయుడు, చాలినంతమంది భిక్షువులు, భిక్షాపాత్ర, చీవరాలు. ఏనుగును అడగలేదు.